కంప్యూటరు ఆపరేటరు చేతికి మెత్త కావాలి

రైతు పొలం పద్దు, కూలీ మస్టరు, వృద్ధుల పింఛను, పిల్లల కుల ధ్రువపత్రం - ఇందులో ఏ కాగితమైనా ఇప్పుడు కంప్యూటరు మీటల మీదుగా పోవలసిందే. ఒకప్పుడు పట్వారీ చేతిలో కలం ఉండేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు వచ్చాయి. ఆ తరువాత కలం స్థానంలోకి మెల్లగా కీబోర్డు వచ్చి కూర్చుంది. కలమైనా, కీబోర్డయినా నడిపేది మనిషి చెయ్యే. ఆ చెయ్యి ఎలా ఉన్నదని అడిగేవారు మాత్రం కనిపించరు.

భూమి మాట వస్తే ముదిగొండకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 2007 జూలై 28న భూమి కోసం సాగిన ఆందోళనలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన ఊరు ఇది. గుంట భూమి విలువ ఏమిటో ఈ ప్రాంతం వారికి బాగా తెలుసు. అటువంటి భూమి సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారయితే, ఎకరాల గడిలో ఒక్క చుక్క పక్కకు జరిగితే, దానిని దిద్దించుకోవడానికి రైతు చెప్పులు అరిగేలా తిరగాలి. కనుక ఆ అంకె కొట్టే చెయ్యి బాగుండటం ఆపరేటరు సొంత విషయం మాత్రమే కాదు. బల్లకు ఇవతల నిలబడిన రైతు విషయం కూడా.

పెరిగిన బరువు

గత 20 ఏళ్లలో ఈ చేతి మీద పడిన పని తక్కువది కాదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాలలో ఖమ్మం ఒకటి. మస్టర్లన్నీ మండల కేంద్రాలలో కంప్యూటరుకు ఎక్కించవలసి వచ్చింది. 2011 నవంబరులో మీ సేవ వచ్చింది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే ముగిసింది. రాసినవారికి ఒక్కరోజు పని, ఎక్కించినవారికి చాలా రోజుల పని. 2020లో ధరణి వచ్చింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభలు జరిగాయి. రాష్ట్రమంతటా కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిని కొద్ది రోజులలోనే ఎక్కించాలన్నారు. అదే ఏడు నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. దానిని మొదట పరీక్షకు పెట్టిన నాలుగు మండలాలలో ముదిగొండ పక్కనున్న నేలకొండపల్లి కూడా ఒకటి.

ప్రతి పథకానికి గడువు ఉన్నది. ప్రతి గడువుకు సమీక్ష ఉన్నది. ఆ గడువును మోసే మణికట్టు గురించి మాత్రం ఏ సమీక్షలోనూ మాట రాదు. పైగా ఈ పని చేసేవారిలో చాలామంది కాంట్రాక్టు మీదనో, అవుట్‌సోర్సింగు మీదనో ఉన్నవారు. చెయ్యి నొస్తున్నదని చెబితే రేపటి నుంచి రావద్దంటారేమోనన్న భయం వారికి ఉంటుంది.

తెలుగులో కొట్టే పని ఇంకా బరువు. వెంకటేశ్వర్లు అనే పేరు కాగితం మీద 5 అక్షరాలే. ఇన్‌స్క్రిప్టు పద్ధతి కీబోర్డు మీద దానికి 13 మీటలు కొట్టాలి. ఒత్తులకు, గుణింతాలకు వేర్వేరు మీటలు. కొన్ని అక్షరాలకు చిటికెన వేలితో షిఫ్టు మీట అదిమి పట్టాలి. ఊరిలో వెంకటేశ్వర్లు ఎందరున్నారో లెక్క వేసుకుంటే ఆ వేళ్ల కష్టం ఎంతో అర్థమవుతుంది.

పాత టైపు మిషనుకు ఒక సుగుణం ఉండేది. వరుస చివర గంట మోగగానే చెయ్యి ఎత్తి బండిని తోయాలి. పేజీ అయిపోతే కాగితం మార్చాలి. చేతికి తెలియకుండానే విశ్రాంతి దొరికేది. పైగా టైపు ఇన్‌స్టిట్యూటులో మణికట్టు ఆనించి కొడితే నేర్పేవారు ఊరుకునేవారు కాదు. కంప్యూటరుకు గంట లేదు, కాగితం లేదు, ఆపేవారూ లేరు.

నొప్పి ఎక్కడిది?

మణికట్టు లోపల ఒక ఇరుకు సందు ఉన్నది. మూడు వైపుల ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ సందులో నుంచి వేళ్లను ముడిచే తాళ్ల వంటి 9 స్నాయువులు, వాటితో పాటు ఒక ముఖ్యమైన నరం పోతాయి. మణికట్టు పైకో, కిందికో వంగి ఉన్నప్పుడు, లేదా దాని కింద గట్టి అంచు ఒత్తినప్పుడు, ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలించుకోవలసి వస్తుంది. ముదిరితే పట్టు తగ్గి చేతిలోని గ్లాసు జారుతుంది.

ఈ జబ్బుకు కంప్యూటరు ఒక్కటే కారణమని వైద్యులందరూ అనడం లేదు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, గర్భిణులకు కూడా ఇది వస్తుంది. ఆడవారిలో ఎక్కువ. అయితే వంకర మణికట్టుతో, గట్టి అంచు మీద గంటల తరబడి పని చేస్తే చెయ్యి నొస్తుందనడానికి మాత్రం పెద్ద పరీక్షలేమీ అక్కరలేదు.

ఇది కొత్తగా పుట్టిన బాధ కూడా కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జిని పనివారల జబ్బుల మీద రాసిన పుస్తకాన్ని 1713లో పెంచి వెలువరిస్తూ, పద్దులు రాసే గుమాస్తాల బాధలకు మూడు కారణాలు చెప్పాడు. కదలకుండా కూర్చోవడం ఒకటి. చెయ్యి ఒకే తీరుగా ఆడటం రెండవది. లెక్క తప్పితే యజమానికి నష్టమన్న మనోభారం మూడవది. ఈ మూడూ నేటి ఆపరేటరుకు అచ్చంగా సరిపోతాయి. బ్రిటనులో తంతి గుమాస్తాల చేతి కొంకర్లను 1908లోనే నష్టపరిహారం ఇవ్వదగిన జబ్బుగా చేర్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మణికట్టు నరం నలిగే ఈ జబ్బు ఉన్నది.

నీడపట్టున ఉన్నవారికి మెత్తలా?

ఎండలో మిర్చి ఏరే కూలీకి లేని మెత్త, ఫ్యాను కింద కూర్చున్నవారికి ఎందుకని కొందరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కాని పల్లెలో పనిముట్టుకు, ఒంటికి నడుమ మెత్త పెట్టడం తాతల నాటి తెలివి. నీళ్ల బిందె నెత్తికెత్తుకునే ఆడమనిషి ముందు గుడ్డతో చుట్టకుదురు చేసుకుంటుంది. బస్తాలు మోసే హమాలీ భుజం మీద గోనె వేసుకుంటాడు. కాడి ఒరిసి ఎద్దు మెడ పుండు పడితే, రైతు దానికి గుడ్డ చుట్టనిదే దుక్కికి కట్టడు. ఎద్దు మెడ మీద ఉన్న జాలి మనిషి మణికట్టు మీద ఉండవద్దా? కూలీకి తొడుగులు కావాలని అడగడం న్యాయమే. దానికోసం ఆపరేటరు చెయ్యి నలగాలన్నది మాత్రం న్యాయం కాదు. రెక్కాడితే గాని డొక్కాడని బతుకు ఇద్దరిదీ.

మెత్త ఎలా ఉండాలి?

చేతి కింద ఏదో ఒక దిండు పెడితే చాలదు. కొలత తప్పిన మెత్త మేలు కన్న కీడే చేస్తుంది.

ఎత్తు ముఖ్యం. కీబోర్డు ముందు అంచు ఎంత ఎత్తున్నదో మెత్త కూడా అంతే ఉండాలి. సాధారణంగా అది ముప్పావు అంగుళానికి అటూ ఇటూగా ఉంటుంది. స్కేలు పెట్టి కొలిచి కుట్టాలి. మెత్త ఎక్కువైతే మణికట్టు కిందికి వంగుతుంది, తక్కువైతే పైకి విరుగుతుంది. పొడవు కీబోర్డు పొడవంత, అంటే పెద్ద కీబోర్డుకు సుమారు 18 అంగుళాలు ఉండాలి. వెడల్పు అంగుళమున్నరకు తగ్గరాదు. రెండున్నర ఉంటే హాయిగా ఉంటుంది. అంచులు గుండ్రంగా ఉండాలి.

లోపల నింపేది మరీ మెత్తనిది కారాదు. బూరుగుదూది మొదట సుఖంగానే ఉంటుంది గాని, నెల తిరిగేసరికి అణగి గుంట పడుతుంది. ఆ గుంటలో మణికట్టు దిగబడితే నరం మీదనే ఒత్తిడి. కింద చెప్పు అట్ట వంటి దళసరి రబ్బరు, పైన పలచని స్పాంజి పొర వేస్తే ఆకారం చెడదు. మౌసు దగ్గర అరచేతి వెడల్పున చిన్న మెత్త చాలు. పసిపిల్లలకు కుట్టే ఆవాల దిండు పద్ధతి దానికి బాగా పనికివస్తుంది. అది చేతి రూపానికి ఒదుగుతుంది, చేతితో పాటు జరుగుతుంది. కాకపోతే పురుగు పట్టకుండా అప్పుడప్పుడు ఎండబెట్టాలి.

పైగుడ్డ నూలుది కావాలి. ఖమ్మం, భద్రాచలం ఎండలకు రెక్సిను చేతికి అతుక్కుంటుంది, చెమటకు దురద పుడుతుంది. గలేబులాగా తొడిగి తీసే గుడ్డయితే వారానికోసారి ఉతుక్కోవచ్చు. బల్ల మీద జారకుండా అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కలు రెండు అంటిస్తే సరి.

అన్నిటికన్న ముఖ్యమైనది వాడే తీరు. మీటలు కొడుతున్నంతసేపు చేతులు మెత్తకు పైన స్వేచ్ఛగా ఆడాలి. కొట్టడం ఆపి కాగితం చూస్తున్నప్పుడు, దరఖాస్తుదారుతో మాట్లాడుతున్నప్పుడు ఆనించాలి. అదైనా మణికట్టును కాదు, అరచేతి మొదలును. మణికట్టు మెత్త మీద మోపి గంటల తరబడి కొట్టేవారికి మెత్త వల్లనే నొప్పి వస్తుంది.

మెత్త ఒక్కటే మందు కాదు

కార్యాలయపు బల్లలు మామూలుగా రెండున్నర అడుగుల ఎత్తు ఉంటాయి. కుర్చీ పొట్టిదయితే మోచెయ్యి బల్లకు కిందుగా ఉండి మణికట్టు వంగక తప్పదు. కుర్చీ ఎత్తు పెంచి, కాళ్లు వేలాడకుండా పీట వేయాలి. మోచెయ్యి, మణికట్టు, మీటలు ఒకే వరుసలో ఉండాలి. కీబోర్డు వెనుక ఉండే రెండు చిన్న కాళ్లను మడిచివేయాలి. వాటిని లేపి పెడితే మణికట్టు పైకి విరుగుతుంది. అరగంటకోసారి ఒక నిమిషం చేతులు దించి వేళ్లు విదిలించాలి. తిమ్మిరి వారాల తరబడి తగ్గకపోతే ప్రైవేటు మందుబిళ్లలతో సరిపెట్టుకోక ఎముకల వైద్యునికో, నరాల వైద్యునికో చూపించుకోవాలి. తొలి దశలో రాత్రిపూట మణికట్టుకు కట్టే పట్టీతోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. ఆలస్యమైతే ఆపరేషను దాకా పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు కారాదు.

ఎవరు చేయాలి?

ఈ మెత్తలు పట్నం నుంచి రానక్కరలేదు. 2024 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారాలు మహిళా సంఘాల వారే కుడుతున్నారు. కుట్టు మిషన్లు ఉన్నాయి, చేయి తిరిగినవారు ఉన్నారు. కత్తిరించగా మిగిలిన గుడ్డ కూడా ఉంటుంది. కొలతల కాగితం ఒకటి ఇస్తే మండలంలోని కార్యాలయాలకు, మీ సేవ కేంద్రాలకు, గ్రామ పంచాయతీలకు, పాఠశాలలకు సరిపడా మెత్తలు ఈ సంఘాలే కుట్టి ఇవ్వగలవు. ముందుగా పది కుట్టి, పని చేసే ఆపరేటర్ల చేతనే నెల రోజులు వాడించి, వారు చెప్పిన మార్పులు చేసి, ఆ తరువాత మిగతావి కుట్టించడం మంచి పద్ధతి. వాడే చేతిని అడగకుండా చేసిన వస్తువు అటక మీదికే పోతుంది.

అధికారులు కొత్త కంప్యూటర్లు, ప్రింటర్లు కొనేటప్పుడు సరయిన కుర్చీని, చేతి మెత్తను కూడా ఆ జాబితాలో చేర్చాలి. సర్వేలకు, దరఖాస్తులకు గడువు పెట్టేటప్పుడు ఒక మనిషి ఒక రోజులో ఎన్ని కాగితాలు తప్పు లేకుండా ఎక్కించగలడో లెక్క చూడాలి. చెయ్యి నొప్పి అని చెప్పిన ఆపరేటరును పని తప్పించుకునేవాడిగా చూడరాదు.

ప్రజలు చేయవలసినది కూడా ఒకటి ఉన్నది. వరుసలో నిలబడి తొందర పెట్టడం, బల్ల మీద చెయ్యి చరచడం మానాలి. తమ పేరు, సర్వే నంబరు కాగితం మీద స్పష్టంగా రాసి ఇచ్చి, ఎక్కించిన తరువాత తెర మీద ఒకసారి చదివి చూసుకోవాలి. ఆ చదివే నిమిషంలో పద్దు సరిచూసినట్లవుతుంది, ఆపరేటరు చేతికీ మెత్త మీద ఒక నిమిషం ఆసరా దొరుకుతుంది.