ఎనిమిది, తొమ్మిది, మూడు

'ఓజీ' చూసొచ్చిన రాత్రి మా హాస్టల్ ఫ్లోర్‌లో అందరూ గొడుగులు పట్టుకుని కత్తి తిప్పారు. నేనూ తిప్పాను. పవన్ కల్యాణ్ చేతిలో ఆ జపాన్ కత్తి చూస్తే ఎవడికైనా పూనకం వస్తుంది కదా! ఆ ఊపులోనే యాకుజా సినిమాలు, అంటే జపాన్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు, ఒక లిస్టు రాసుకుని సెలవుల్లో చూడ్డం మొదలెట్టాను. కత్తుల కోసం వెళ్తే, చివరికి నాకు నిద్ర పట్టనివ్వనిది ఒక బ్యాంకు అకౌంటు. దాని గురించే ఈ వ్యాసం. నా తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అక్క సరిచేస్తుందని నమ్మకం.

ముందు ఆ పేరు సంగతి. జపాన్‌లో ఒయిచో-కాబు అని ఒక పేకాట ఉంది. చేతిలో ముక్కలు కూడి, వచ్చిన మొత్తంలో చివరి అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. 8, 9, 3 వచ్చాయనుకోండి, కూడితే 20. అంటే సున్నా. మన బ్రాంచి భాషలో మాడ్యులో 10. యా, కు, సా అంటే ఆ మూడు అంకెలే. యాకుజా అనే మాట అక్కడి నుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. దేనికీ పనికిరాని ముక్కలు అని పేరులోనే ఉందన్నమాట.

1960ల్లో వచ్చిన సినిమాల్లో మాత్రం యాకుజా అంటే హీరోనే. తకకురా కెన్ లాంటి స్టార్ కిమోనో వేసుకుని, మాట కోసం ప్రాణం ఇచ్చేవాడు. 1973లో ఫుకసకు కింజి అనే డైరెక్టర్ ఈ బొమ్మని పగలగొట్టాడు. ఆయన తీసిన సినిమా పేరుని తెలుగులో చెప్తే 'నీతీ మానవత్వమూ లేని పోరాటాలు'. మొదలవ్వడమే హిరోషిమా అణుబాంబు పొగతో మొదలవుతుంది. తర్వాత 1946లో కురే అనే ఊళ్ళో బ్లాక్ మార్కెట్. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి తిండీ లేదు, పనీ లేదు. గ్యాంగులో చేరతారు. ఇది కల్పించిన కథ కాదు, ఒక నిజమైన యాకుజా జైల్లో రాసుకున్న జ్ఞాపకాల ఆధారంగా తీసింది. అందులో హీరో తప్పు ఒప్పుకుంటూ వేలు కోసుకునే సీన్ ఉంది. కోసిన వేలు ఎగిరి పెరట్లో పడుతుంది, అందరూ కోళ్ళ మధ్య వెతుకుతారు. నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. పరువు, త్యాగం అని చెప్పినవన్నీ కోళ్ళ పెంట దగ్గర తేలిపోయాయి.

కానీ నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి. జపాన్‌లో యాకుజాల మీద చట్టం 1992లో అమల్లోకి వచ్చింది. 2011 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఇంకా గట్టి నిబంధనలు పెట్టారు. గ్యాంగు సభ్యుడికి బ్యాంకు అకౌంటు ఇవ్వరు, ఫోను కనెక్షన్ ఇవ్వరు, ఇల్లు అద్దెకివ్వరు. ఫలితం కనిపించింది. 1963లో దాదాపు 1,84,000 మంది ఉన్నవాళ్ళు 2023 చివరికి 20,400కి తగ్గారు. మంచిదే. అయితే గ్యాంగు వదిలేసి వచ్చినవాణ్ణి కూడా ఐదేళ్ళ దాకా సభ్యుడిలాగే చూడటం అక్కడ మామూలైంది.

2021లో ఆ దేశంలో విడుదలైన రెండు సినిమాలు సరిగ్గా ఇక్కడే నిలబడతాయి. నిషికవ మివా తీసిన 'అండర్ ది ఓపెన్ స్కై'లో మికామి 13 ఏళ్ళ తర్వాత జైలు నుంచి వస్తాడు. డ్రైవింగ్ లైసెన్సు కోసం తిప్పలు పడతాడు, సూపర్ మార్కెట్‌లో దొంగ అనిపించుకుంటాడు. చివరికి వృద్ధాశ్రమంలో పని దొరుకుతుంది. అక్కడ తోటివాళ్ళు ఒక అమాయకుణ్ణి ఎగతాళి చేస్తుంటే, ఒకప్పుడు కొట్టేసేవాడు ఇప్పుడు కోపం మింగేసి వాళ్ళతో కలిసిపోతాడు. బాగుపడటం అంటే ఇదేనా అని మనకి అనుమానం వస్తుంది.

ఫుజీ మిచిహితో తీసిన 'ఎ ఫ్యామిలీ'లో యమమోతో 14 ఏళ్ళ జైలు తర్వాత గ్యాంగు వదిలేసి కూలి పనిలో చేరతాడు. పక్కన పనిచేసే కుర్రాడు అతని ఫోటో ఒకటి ఆన్‌లైన్‌లో పెడతాడు. అంతే. అతని పనే కాదు, అతన్ని నమ్మి ఇంట్లోకి రానిచ్చిన ఆమె జీవితం, స్కూలుకెళ్ళే కూతురి జీవితం కూడా తలకిందులవుతాయి.

ఆ సీన్ దగ్గర పాజ్ చేశాను. ఎందుకంటే ఆ కుర్రాడు నేనే.

ఇంటర్‌లో నేనున్న హాస్టల్ మెస్‌లో ఒకాయన వడ్డించేవాడు. "అన్నా, ఇంకో గరిటె" అంటే ఎప్పుడూ కాదనలేదు. ఒకరోజు ఎవడో ఆయన మీద వచ్చిన పాత పేపర్ క్లిప్పింగ్ గ్రూపులో పెట్టాడు. ఏదో కొట్లాట కేసు. కేసు కొట్టేశారా, శిక్ష పూర్తయ్యిందా, ఎవరూ అడగలేదు. నేను ఒక షాక్ ఎమోజీ పెట్టి ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేశాను. నాలుగు రోజుల తర్వాత సాంబారు దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

మా రూమ్మేట్ ఇది విని, "మరి వాళ్ళ చేతుల్లో దెబ్బతిన్నవాళ్ళ సంగతేంట్రా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. యాకుజాలు దుకాణాల దగ్గర మామూళ్ళు గుంజారు, డ్రగ్స్ అమ్మారు. వదిలేశామని అబద్ధం చెప్పి గ్యాంగుకే పనిచేసేవాళ్ళూ ఉన్నారు, ఆ ఐదేళ్ళ రూలు వాళ్ళ కోసమే వచ్చింది. శిక్ష వద్దని నేను అనట్లేదు. శిక్ష అయిపోయాక ఏంటి అంటున్నాను. జీతం పడాలంటే అకౌంటు కావాలి. అకౌంటు రావాలంటే నమ్మకం కావాలి. నమ్మకం కలగాలంటే ఉద్యోగం చేసి చూపించాలి. ఓఎస్ క్లాసులో దీన్నే డెడ్‌లాక్ అంటారు. ఇందులో ఇరుక్కున్నవాడికి తెరిచి ఉన్న తలుపు పాత గ్యాంగుదొక్కటే. ఇది అక్కడి పోలీసులకీ అర్థమైంది. 2022 నుంచి, ఉద్యోగం దొరికిన మాజీ సభ్యులకి అకౌంటు తెరవడంలో సాయం మొదలుపెట్టారు.

ఇంకో రెండేళ్ళలో మనలో చాలామందిమి ఇలాంటి సిస్టమ్సే కడతాం. కేవైసీ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఎవరికి లోన్ ఇవ్వాలో చెప్పే మోడల్. ఒక టేబుల్‌లో ఒక కాలమ్, అందులో అవును లేదా కాదు. ఆ కాలమ్ పక్కన "ఎప్పటివరకు?" అని ఇంకో కాలమ్ ఉండాలని అడిగేవాడు ఒక్కడైనా టీమ్‌లో ఉండాలి. జపాన్ రూలుకి కనీసం ఐదేళ్ళ గడువుంది. నా ఫార్వర్డ్‌కి అదీ లేదు. ఎన్ని ఫోన్లలో ఉందో నాకే తెలీదు.

ఆయన పేరు నాకు ఆ క్లిప్పింగ్ చూశాకే తెలిసింది. అప్పటిదాకా రెండు పూటలా 'అన్నా' అనే పిలిచాను.