పాలన మారితే సాఫ్ట్‌వేర్ తట్టుకోగలదా? గ్రేటర్ నోయిడా ముందున్న ప్రశ్న

గ్రేటర్ నోయిడా: ఆన్‌లైన్ దరఖాస్తులో ‘గ్రామ పంచాయతీ’, ‘మున్సిపాలిటీ’ అనే రెండే ఐచ్ఛికాలు ఉంటే గ్రేటర్ నోయిడా వాసి దేనిని ఎంచుకోవాలి? ఈ నగరానికి ఎన్నికైన మున్సిపాలిటీ లేదు. 1976 నాటి ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం కింద 1991లో ఏర్పడిన ప్రాధికార సంస్థ ఇక్కడి పౌర సేవలను నిర్వహిస్తోంది. దాని పరిధిలోని అనేక గ్రామాల్లో పంచాయతీలు కూడా లేవు.

ప్లాట్ల కేటాయింపు, నీటి సరఫరా ప్రాధికార సంస్థ బాధ్యత. ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలకు ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్‌ ద్వారా రెవెన్యూ శాఖను ఆశ్రయించాలి. విద్యుత్ పంపిణీ నోయిడా పవర్ కంపెనీది. ఒకే ఇంటి చిరునామా ఈ వ్యవస్థల్లో వేర్వేరుగా నమోదైతే ఇబ్బంది పడేది పౌరుడే.

ఇటువంటి చిక్కు తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన మీసేవ, 2014 జూన్ 2 తర్వాత రెండు ప్రభుత్వాల అవసరాలకు తగినట్లు మారవలసి వచ్చింది. తెలంగాణలోని 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31గా, 2019లో 33గా పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. సిద్దిపేట విద్యార్థి పాత ధ్రువపత్రంలో మెదక్ జిల్లా అని, కొత్తదానిలో సిద్దిపేట జిల్లా అని ఉండవచ్చు. రెండూ సరైనవే. తేదీలను పట్టించుకోని సాఫ్ట్‌వేర్ మాత్రం వాటిని పొంతన లేని వివరాలుగా భావించి దరఖాస్తును తిరస్కరించే ప్రమాదం ఉంది.

పరిష్కారం రూపకల్పనలోనే ఉంది. జిల్లాల పేర్లు, రుసుములు, అర్హత నిబంధనలు ప్రోగ్రామ్‌లో అంతర్భాగంగా ఉండరాదు. వాటిని విడి పట్టికల్లో, అమలు తేదీలతో సహా భద్రపరచాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి స్థానిక సంస్థకు ప్రత్యేక కోడ్ కేటాయిస్తోంది. అన్ని శాఖలూ ఆ కోడ్‌లనే అనుసరిస్తే పేరు మారినా రికార్డుల మధ్య బంధం తెగదు.

ఇందులో ఒప్పందాల పాత్ర కూడా తక్కువేమీ కాదు. రుసుము మార్చడానికి సైతం గుత్తేదారు సంస్థపై ఆధారపడవలసి వస్తే వ్యయం, జాప్యం రెండూ పెరుగుతాయి. అటువంటి మార్పులను శాఖాధికారులే చేసుకునే వీలు, ప్రతి మార్పుకూ తేదీతో కూడిన నమోదు టెండరు దశలోనే షరతులు కావాలి. ప్రభుత్వాలు సరిహద్దులను ఒక్క ఉత్తర్వుతో మార్చగలవు. ఆ మార్పు భారం ధ్రువపత్రం కోసం వేచి ఉన్న పౌరుడిపై పడకుండా చూడటమే ఆన్‌లైన్ పాలనకు అసలైన పరీక్ష.