బంతియాటకు బాలికల యెంపిక

మన తెలుగు కుటుంబములు పెక్కు అమెరికాలో నున్నవి గదా! అచ్చటి హైస్కూళ్లలో సాకరు జట్టునకు బాలికల నెంచుకొను విధము మన సోదరీమణు లెరుంగదగినది. విద్యాలయములలో ఆడ మగ భేదము చూపరాదని 1972లో చట్టమైన పిమ్మటనే యీ యాట బాలికలలో వ్యాపించినది.

వైద్యుని యోగ్యతాపత్రము లేనిదే పిల్లను మైదానమున దిగనీయరు. పెక్కు రాష్ట్రములలో నీ పరీక్ష ఆగస్టులో కొలదిదినములు జరుగును. ఒక్కొక్క బాలికకు నొక యంకె యిత్తురు. శిక్షకు లా యంకెల కెదుట గుర్తులు వ్రాసికొందురు. పరుగు, బంతి నాపుట, అందించుట చూతురు గాని, అసలు పరీక్ష నలుగురేసి పిల్లల నెదురెదురుగ నాడించు చిన్న యాటలలోనే యున్నది. బంతి తనచెంత లేనప్పుడు పిల్ల యేమి చేయుచున్నది? బంతి పోగొట్టుకొని నిలిచిపోవునా, వెనుకకు పరుగిడునా? నేర్పరులగు శిక్షకులు దీనినే కనిపెట్టుదురు. (పెండ్లియింట పనికివచ్చువారిని మేమును ఇట్లే గుర్తింతుము!)

ఆడునది 11 మందియే. జట్టున సుమారు 20 మందికి చోటు. తక్కినవారు చిన్నజట్టునకు, లేదా యింటికి. జాబితా గోడ కంటించుట కొందరి పద్ధతి. ఒక్కొక్కరిని పిలిచి లోపమేదో చెప్పుట మరికొందరిది. మాకు రెండవదే న్యాయముగ దోచుచున్నది. 14 ఏండ్ల పిల్ల తోటివారి నడుమ తన పేరు వెదకి కానక నిలుచుట చిన్న శిక్షయా?

శిక్షకునితో వాదమునకు బోవు తల్లులును గలరు. మరుసటి యేటికి నేమి నేర్వవలెనో పిల్లయే పోయి యడుగుట మేలు. ఆ రాత్రి తల్లి వేడియన్నము వడ్డించి, ఆమె తానుగ నోరు విప్పువరకు వేచియుండిన చాలును.