షుగరు జబ్బు కూడా సంఘం పనే

మొన్న మండల కమిటీ సమావేశంలో టీ పోస్తుంటే గమనించాం. వచ్చినవాళ్లలో మూడో వంతు మంది "నాకు చక్కెర లేకుండా" అన్నారు. ఇరవై ఏళ్ల కింద అలా అడిగేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండేవారు. వాళ్లను కూడా షావుకార్ల జబ్బని ఎగతాళి చేసేవాళ్లం. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇది పట్నం జబ్బే అనుకునే రోజులు పోయాయి.

ఒళ్లొంచి పనిచేసే రైతుకు షుగరేమిటని ఇప్పటికీ అంటుంటారు. దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను. పొలం గట్టు దాకా బండి మీదే పోతున్నాం. నాట్లు, కలుపు ఆడకూలీల నడుం మీదే పడ్డాయి. సీజన్లో పది రోజులు గొడ్డుచాకిరీ చేసి మిగతా రోజులు రచ్చబండ మీద కూర్చుంటే ఒంటికి అది చాలదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమంటున్నారు డాక్టర్లు. బండి ఇంటి దగ్గర పెట్టి పొలానికి నడిచిపోతే ఆ లెక్క తీరుతుంది.

ఇక తిండి సంగతి. మాది మెట్ట ప్రాంతం. మా అమ్మల కాలంలో జొన్న సంకటి, కొర్రన్నం, సజ్జ రొట్టె తినేవాళ్లం. వరన్నం పండగనాడే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదల కడుపు నింపింది. ఆకలి ఎరిగినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు, మేమూ పట్టం. కానీ రానురాను కంచంలో అన్నం కుప్ప పెరిగింది, పప్పు తగ్గింది, కూర నంజుకోవడానికే అయింది. ఆ కుప్ప సగం చేసి, ఆ చోట పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టుకోవాలి. చిరుధాన్యమైతే ఎంతైనా తినొచ్చనుకోవడం పొరపాటు. రాగిజావ కూడా షుగరు పెంచుతుంది. బెల్లం మంచిదేలే అని టీలో వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

అయితే జొన్నలు తినమని చెప్పి చేతికి బియ్యం ఇస్తే ఎలా? 2013 ఆహార భద్రత చట్టంలో కిలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు రూపాయి అని రాశారు. మా రేషన్ షాపులో ఆ ముతక ధాన్యం మేం చూసింది తక్కువ. 2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369. కాగితం మీద బాగానే ఉంది. దగ్గర్లో కొనుగోలు కేంద్రం లేక దళారి చెప్పిన రేటుకే ఇచ్చేస్తున్నాం. సర్కారు కొని రేషన్‌లో ఇస్తే రైతుకు ధరా వస్తుంది, కంచంలోకి జొన్నా వస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. కౌలు పొలంలో కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే ఆయనకు తెలియనే లేదు. షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ పోయింది. వారం తర్వాత వాసన వస్తుంటే ఇంటావిడ చూసింది. పసరు కట్టారు. ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా తీశారు. ఆ ఏడు కౌలు బాకీ అలాగే ఉండిపోయింది. అందుకే చెబుతున్నాం, చెప్పుల్లేకుండా పొలంలోకి దిగొద్దు. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ దీపం వెలుగులో చూసుకోండి, చూపు ఆననివాళ్లు పిల్లలకు చూపించండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తినకుండా ఎండలో పనికి పోవద్దు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకోవడానికి జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. పంట డబ్బు రాలేదని బిళ్లలు మానేయకండి.

బిళ్లలు పది రోజులకిచ్చి మళ్లీ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? నెలకు సరిపడా ఇవ్వాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర అడుగుదాం.

ఈ నెల గ్రామ శాఖ సమావేశాలకు ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను పిలవండి. 30 దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయించండి, ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా తీసుకురండి. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించి మరోసారి పరీక్ష చేయించుకోవాలి. టీలో చక్కెర కలపకుండా పక్కన గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు.