బయోచార్: నేల తీరును బట్టే మేలు, వాటా దక్కితేనే రైతుకు లాభం

పంట కోతలు ముగిశాక పొలంలో మిగిలే మోళ్లు, కట్టె, చొప్పను తగులబెట్టడం దేశంలో ఏటా తలెత్తే సమస్య. పంజాబ్, హర్యానాల్లో వరి మోళ్ల మంటలు ఢిల్లీ గాలిని కలుషితం చేస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో పత్తి కట్టె చాలాచోట్ల పొలంలోనే బూడిదవుతోంది. దేశ రాజధాని ప్రాంతం, దాని పరిసర రాష్ట్రాల్లో మోళ్లు కాల్చే రైతులపై విధించే జరిమానాను కేంద్రం 2024 నవంబరులో రెట్టింపు చేసింది. 5 ఎకరాలకు మించి భూమి ఉన్నవారికి అది 30 వేల రూపాయలకు చేరింది. జరిమానా మంటను ఆపవచ్చు, కానీ వ్యర్థాన్ని ఏం చేయాలో చెప్పదు. ఈ ప్రశ్నకు ఒక సమాధానంగా ఇప్పుడు బయోచార్ పేరు వినిపిస్తోంది.

పంట వ్యర్థాలను గాలి అతి తక్కువగా అందేలా, సుమారు 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మగ్గబెడితే వచ్చే బొగ్గే బయోచార్. బయట తగులబెడితే వ్యర్థంలోని కర్బనంలో అధిక భాగం పొగ రూపంలో గాలిలో కలిసిపోతుంది. బొగ్గుగా మార్చితే అందులో దాదాపు సగం నిలిచి, నేలలో వందల ఏళ్లు ఉంటుంది. అమెజాన్ ప్రాంతంలో పూర్వీకులు బొగ్గు, ఎముకలు, వంటింటి వ్యర్థాలు కలిపి తయారుచేసిన నల్లమట్టి నేటికీ సారవంతంగా ఉండటమే ఇందుకు నిదర్శనం. వాతావరణ మార్పులపై ఏర్పాటైన అంతర్ ప్రభుత్వ సంఘం కూడా 2018 నాటి నివేదికలో బయోచార్‌ను కర్బన తొలగింపు మార్గాల్లో ఒకటిగా పేర్కొంది.

అయితే బయోచార్ ఎరువు కాదు. దానిలోని సూక్ష్మ రంధ్రాలు నీటిని, పోషకాలను పట్టి ఉంచుతాయి, మేలుచేసే సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తాయి. ఉష్ణమండల దేశాల్లో పంట దిగుబడి సగటున 25 శాతం పెరిగిందని, సమశీతోష్ణ దేశాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ తేల్చింది. ఉష్ణమండల నేలల్లో ఆమ్లగుణం ఎక్కువ, సారం తక్కువ కావడమే ఈ తేడాకు ప్రధాన కారణం. బయోచార్‌కు సహజంగా క్షారగుణం ఉంటుంది. కాబట్టి ఈశాన్య రాష్ట్రాలు, కేరళలోని ఆమ్ల నేలలకు, నీరు నిలవని ఎర్ర చల్కా నేలలకు అది ఎక్కువగా ఉపకరిస్తుంది. ఇప్పటికే క్షారగుణం ఉన్న నేలల్లో మోతాదు మించితే మేలుకు బదులు కీడు జరగవచ్చు. పచ్చి బొగ్గును నేరుగా చల్లితే కొంతకాలం నత్రజని పైరుకు అందకుండా పోతుంది. పశువుల ఎరువుతో కలిపి మాగబెట్టి వేయడమే సరైన పద్ధతి.

పరిమాణం మరో చిక్కు. ఎకరా పత్తి నుంచి ఒక టన్ను కట్టె వచ్చిందనుకుంటే దానినుంచి లభించే బొగ్గు 250 నుంచి 350 కిలోలే. ప్రయోగాల్లో సాధారణంగా వాడే మోతాదు ఎకరాకు 2 నుంచి 4 టన్నులు. అంటే సొంత పొలం వ్యర్థంతో ఒక్క సీజనులో అద్భుతాలు ఆశించరాదు. ఏటా కొంత చొప్పున మొక్కల వరుసల వెంట వేస్తూ పోవాలి. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పత్తి, కంది, ఆముదం కట్టెల కోసం రూపొందించిన చిన్న డ్రమ్ము బట్టీలు ఇందుకు అనువైనవి. పత్తి కట్టెను తొలగిస్తే గులాబీ రంగు పురుగు బెడద కూడా తగ్గుతుంది. పశువుల మేతకు పనికొచ్చే వరిగడ్డిని మాత్రం బొగ్గుకు మళ్లించడం తగదు.

ఈ రంగంలోకి ఇప్పుడు పెట్టుబడి ప్రవేశించింది. బయోచార్ ద్వారా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్ తొలగింపునకు సంబంధించిన క్రెడిట్లను 2030 నాటికి కొనేందుకు గూగుల్ సంస్థ 2025 జనవరిలో భారతీయ సంస్థ వరాహతో ఒప్పందం చేసుకుంది. దేశీయ కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని కేంద్రం 2023లోనే ప్రకటించింది. కట్టెకు నామమాత్రపు ధర చెల్లించి, క్రెడిట్ సొమ్ము అంతా సంస్థలే ఉంచుకుంటే రైతు ముడిసరకు అందించేవాడిగానే మిగిలిపోతాడు. తయారైన బొగ్గు ఇతర చోట్లకు తరలిపోతే, కట్టె ఇచ్చిన నేలకు దక్కేది శూన్యం.

కాబట్టి మూడు చర్యలు అవసరం. 2015 నుంచి అమలవుతున్న భూసార కార్డుల్లో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం వివరాలు ఉన్నాయి. బయోచార్ సిఫారసు వాటి ఆధారంగానే జరగాలి. పొగ, మీథేన్ వెలువరించే నాసిరకం బట్టీలను నియంత్రిస్తూ, నాణ్యమైన వాటిని రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఉమ్మడిగా అందించాలి. క్రెడిట్ ఆదాయంలో రైతు వాటాను ఒప్పందాల్లో స్పష్టంగా రాయాలి. కట్టెను కాల్చవద్దని రైతుకు చెప్పే ప్రభుత్వం, కాల్చకుండా ఉంటే కలిగే లాభాన్ని కూడా అతడికి చూపగలిగినప్పుడే పొలాల్లో మంటలు ఆరిపోతాయి.