గడప కొరికిన మురుకు

గోడపత్రికకి కుక్కపిల్ల గురించి రాస్తానంటే నా బెంచీ వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వండి. పోయిన అక్టోబరు వానల్లో మన క్లాసులో ముగ్గురం వీధి కుక్కపిల్లల్ని ఇంటికి తీసుకుపోయాం. వాటిలో ఒకటి ఇప్పటికే మళ్లీ వీధిలో ఉంది. ఇంకోదాని సంగతి ఈ వారం తేలుతుందట. మూడోది మా మురుకు. తోక మురుకులా చుట్టుకుని ఉంటుంది, అందుకని ఆ పేరు. మూడింటి మీదా నేరం ఒకటే, ఇంట్లో సామాన్లు కొరకడం.

మాది పాత వాషర్‌మన్‌పేటలో బాడుగ ఇల్లు. పాతకాలపుది కాబట్టి వాకిలికి కొయ్య గడప. మా అవ్వ శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెట్టందే కాఫీ ముట్టదు. డిసెంబరులో ఒక శనివారం తెల్లారి లేచి చూస్తే గడప కుడి మూల జానెడు మేర పీచు పీచుగా ఉంది. మురుకు మూతి నిండా పసుపు! “గడప తిన్న కుక్క ఇంట్లో ఉండకూడదు” అనేసింది అవ్వ. నాయనకి గడప కంటే అడ్వాన్సు దిగులు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరమ్మ ఎంత పట్టుకుంటుందో అని. మర్నాడే దాన్ని మార్కెట్టు దగ్గర వదిలేద్దామని తీర్మానం అయిపోయింది. నేను ఏడ్చి, అన్నం మానేసి, ఒక నెల గడువు తీసుకున్నాను.

ఆ నెలలో నాకు తెలిసింది ఏమిటంటే, కుక్కపిల్లకి 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల దగ్గర్నుంచి అవి ఊడి, ఆరేడు నెలలు వచ్చేసరికి 42 గట్టి పళ్లు వస్తాయి. ఈ మధ్యలో చిగుళ్లు సలుపుతాయి. పళ్లొచ్చే పసిబిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటే మనం వీధిలో వదిలేస్తామా? గడప, బల్లకాళ్లు, తలుపు అంచు అన్నీ దాని మూతి ఎత్తులోనే ఉన్నాయి మరి.

“తప్పని దానికి తెలుసు, ముఖం చూడు ఎలా పెట్టిందో” అంటారు. నేనూ అదే అనుకునేదాన్ని. న్యూయార్కులో బర్నార్డ్ అని మనలాంటి మహిళా కళాశాలే ఒకటి ఉంది. అక్కడి అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీని మీద ఒక పరిశోధన అచ్చు వేశారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదాంతో ఆ ముఖానికి సంబంధం లేదని, యజమాని తిడితే ఎక్కువగా అలా పెడుతుందని తేలింది. ఏ తప్పూ చేయనివి కూడా తిట్లు పడితే అదే ముఖం పెట్టాయి. అంటే రాత్రి కొరికినదానికి తెల్లారి కొడితే, అది మనల్ని చూసి భయపడడం నేర్చుకుంటుంది తప్ప గడప జోలికి పోకూడదని నేర్చుకోదు.

కాబట్టి నేననేది, ఆ కొద్ది నెలలు కుక్క నుంచి సామాన్లని మనమే కాపాడుకోవాలి. మొదట ప్రాణం మీదికి వచ్చేవి చూడాలి. ఫ్రిజ్జు వైరు కొరికితే గడప పోయినట్టు కాదు, కుక్కే పోతుంది. మేము వైర్లన్నీ గోడకి పైకెత్తి క్లిప్పులు కొట్టించాం, ఎత్తలేనివాటి ముందు బీరువా జరిపాం. ఛార్జరు వాడగానే పీకి పైన పెట్టడం నాకింకా అలవాటు కాలేదు, ఇప్పటికి రెండు పోయాయి. గ్యాసు ట్యూబు భయానికి వంటింటి గుమ్మానికి ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టాను. అవ్వ మోకాళ్లతో అది దాటలేక “ఇల్లు నాదా కుక్కదా?” అంది. న్యాయమైన ప్రశ్నే. చెక్కకి బందులు వేయించి చిన్న తలుపులా చేశాక శాంతించింది. గడపకి, ద్వారబంధానికి కింద రెండడుగుల వరకు కార్పెంటరు చేత అల్యూమినియం రేకు కొట్టించాం.

ఎదురింటావిడ కారప్పొడి చల్లమంది. చల్లాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అది కళ్లు రుద్దుకుంటూ, తుమ్ముతూ రాత్రంతా మూలిగింది. రెండోరోజు గడపనే మళ్లీ కొరికింది. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. దానికి బదులు పాత తువాలు తడిపి, మెలిపెట్టి, ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇస్తే అరగంట దాన్తోనే ఉంటుంది. తువాలు పీలికలైతే మాత్రం తీసెయ్యాలి, మింగేస్తుంది. పాత చెప్పు ఆడుకోవడానికి ఇవ్వకూడదు. పాత చెప్పుకీ కొత్త చెప్పుకీ తేడా దానికేం తెలుసు?

ఇదంతా ఊరికే అవలేదు. కార్పెంటరు కూలి, రేకు, క్లిప్పులు, నేను వీధి పిల్లలకి ట్యూషను చెప్పిన రెండు నెలల డబ్బులు అయిపోయాయి. కుక్కది తప్పు కాదనడం సులభం, కానీ అవ్వ గడప నిజంగానే పాడైంది. దాన్ని ఇంటికి తెచ్చింది నేను. నష్టం అవ్వో, నాయనో మొయ్యాలనడం అన్యాయం. అలాగని ఇంటన్నం తిని పెరిగిన పిల్లని ఐదో నెలలో మార్కెట్టు దగ్గర వదిలితే అక్కడి కుక్కలు ఊరుకోవు. దానికి దారీ తెలీదు, బండ్లూ తెలీవు. వానలో తడుస్తోందని జాలిపడి తెచ్చినప్పుడు పళ్లు వస్తాయని మనం ఆలోచించలేదు, అంతే. ఈ వారం తేల్చుకోబోతున్న స్నేహితురాలా, మా కార్పెంటరు నంబరు ఇస్తాను, మిగిలిన రేకు ముక్క కూడా ఉంది.

నెల గడువు మొన్నటితో అయిపోయింది. నాయన ఆ మాటే ఎత్తలేదు. అవ్వ శుక్రవారం రేకు మీదే పసుపు రాసింది, అంటుకోక జారిపోతుంటే నన్ను తిట్టింది, కుక్కని తిట్టలేదు. ఓనరమ్మ బాడుగకి ఒకటో తేదీన వస్తుంది. రేకు గురించి ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.