అయిదింటికి బస్సేదీ?

మిర్చి కోతల కాలంలో పల్నాడులోనో ఖమ్మంలోనో తెల్లవారుజామున ఏదో ఒక ఊరి సెంటర్లో నిలబడి చూడండి. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిమందికి తక్కువుండరు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనకవైపు కాళ్లు బయటికి వేలాడేసి ఇంకో నలుగురు. పక్క కడ్డీకి సద్ది క్యారియర్ల సంచులు. ఆటో దొరకని ముఠా ట్రాక్టరెక్కుతుంది. నిన్న బస్తాలు మోసిన ట్రక్కులోనే ఇవాళ మనుషులు. కూర్చోడానికి తొట్టి అడుగు, పట్టుకోడానికి దాని అంచు. చాలా ట్రక్కులకు విడిగా బ్రేకు కూడా ఉండదు. ముందు ఇంజను ఆగినా వెనక బరువు తోసుకొస్తుంది.

2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా నాలుగు రోజులు తనిఖీలు, జరిమానాలు. ఆ తర్వాత మళ్లీ అదే ఆటో, అదే ట్రక్కు.

చట్టంలో లోటేమీ లేదు. సరుకు బండి మనుషుల్ని ఎక్కించుకోడానికి కాదని అది ఎప్పుడో చెప్పింది. అలా ఊరికే ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అంటే తప్పు ఎక్కించినవాడిదైనా నష్టం ఎక్కిన ఆవిడదే. బండి యజమాని బక్క రైతైతే ఆ ఇంటికి మిగిలేది సర్కారు ఇచ్చే ఎక్స్‌గ్రేషియా మాత్రమే.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మంచి పనే, కాదనను. కానీ పల్లెవెలుగు వేళలు బడికీ, ఆఫీసుకూ కుదిరినవి. ఎండెక్కకముందే చేలో దిగాల్సిన మనిషికి ఆ బస్సెందుకు? పైగా అది పోయేది మండల కేంద్రానికి. పని ఉన్నది పక్క మండలం పొలాల్లో.

ఇంతకీ ఈ ప్రయాణం ఉచితంగా కావాలని కూలీలెవరూ అడగలేదు. బండి కిరాయి రైతు ఇస్తున్నాడు, లేదా కూలిలోంచి మేస్త్రి పట్టుకుంటున్నాడు. పెళ్లిళ్లకు బస్సులు అద్దెకిచ్చే ఆర్టీసీకి ఈ బేరం ఎందుకు కనిపించదో! 2020లో కార్గో మొదలుపెట్టిన తెలంగాణ ఆర్టీసీ బస్సుల్నే సరుకు బండ్లుగా మార్చుకుంది. సరుకు బస్సెక్కింది, కూలీలు ట్రక్కులోనే ఉన్నారు. డొంక దాకా బస్సు పోదంటారా? తారు రోడ్డు మీద దింపితే చాలు, అక్కణ్ణుంచి నడుస్తారు.

జనవరికల్లా కోతలు ఊపందుకుంటాయి. డిపో మేనేజర్లు డిసెంబరులోనే ముఠా మేస్త్రీలను పిలిచి ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంతమంది వెళ్తారో రాసుకుంటే రూట్లు వాటంతటవే తేలతాయి. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ వచ్చే కోతలకైనా ఆ పని చేయాలి.